పిల్లల హాలోవీన్ క్యాండీ: దాచాలా, పారేయాలా, తిననివ్వాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి ఏడేళ్ళు, పాపకి మూడున్నర. హాలోవీన్ (అక్టోబర్ 31న పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి క్యాండీ తెచ్చుకునే ఇక్కడి పండగ) అయ్యి నాలుగు రోజులైంది, ఇద్దరికీ కలిపి రెండు బకెట్ల నిండా క్యాండీ వచ్చింది. పోయినేడు నేను అంతా ప్యాంట్రీలో పై అరలో దాచేసి అయిపోయిందని చెప్పాను, మావారు కొంత ఆఫీసుకి పట్టుకెళ్ళారు. ఈసారి నిన్న బాబు మంచం కింద వ్యాక్యూమ్ చేస్తుంటే 14 రేపర్లు దొరికాయి. అడిగితే నేను కాదు చెల్లి అన్నాడు. మావారు మొత్తం పారేద్దాం అంటున్నారు. అత్తయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడకి అసలు ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవడమే నచ్చలేదు, కానీ ఇప్పుడు దోశ తింటే చాక్లెట్ ఇస్తానని పాపకి ఇస్తున్నది ఆవిడే. మామగారికి షుగర్ ఉంది, పిల్లలకీ వస్తుందేమోనని భయం. క్యాండీ తిన్న రోజు బాబు అస్సలు మాట వినడు. ఏం చేయమంటారు?

సమాధానం:

ఆ 14 రేపర్ల దగ్గర్నుంచే మొదలుపెడతానండీ, మీ ఉత్తరంలో నాకు కలుక్కుమన్నది అదే. ఏడేళ్ళ పిల్లాడు నాలుగు రోజుల్లో 14 చాక్లెట్లు తింటే కొంప మునగదు, కానీ మంచం కింద దూరి తిని, కాగితాలు గోడవైపు తోసేసి, అడిగితే చెల్లి మీదకి నెట్టాడు చూడండి, దాని గురించి ఆలోచించాలి. వాడికి పోయినేడు జరిగింది గుర్తుంది. అయిపోయిందని మీరన్నారు, అవలేదని వాడికి తెలుసు, ఎందుకంటే పిల్లలకి ఇంకేం గుర్తున్నా లేకపోయినా వాళ్ళ బకెట్లో ఏమున్నాయో మాత్రం లెక్కతో సహా గుర్తుంటుంది. ఈసారి మళ్ళీ మాయమయ్యేలోపే తినేయాలని తొందరపడ్డాడు. వాడి చోట ఎవరున్నా అదే చేస్తారు.

ఇది నేను ఊరికే అనడం లేదు. మా పెద్దోడికి ఆరేళ్ళప్పుడు మేం న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, హాలోవీన్ రాత్రి వాడు ఇంటికొచ్చి వేసుకున్న డ్రెస్ కూడా విప్పకుండా బకెట్ కార్పెట్ మీద బోర్లించి, కిట్‌క్యాట్లు ఒక వరస, ట్విక్స్‌లు ఒక వరస, రీసెస్ ఒక వరస అలా గోడదాకా పేర్చుకుంటూ పోయాడు. తర్వాత నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి వంకర టింకర అక్షరాలతో కిట్‌క్యాట్ 11, ట్విక్స్ 6 అని అన్నీ రాసుకున్నాడు. వాడు పడుకున్నాక నేను సగానికి పైగా చెత్తబుట్టలో వేసేసి, మళ్ళీ ఎవరూ తీయకూడదని పైన కాఫీ పిప్పి కూడా పోశాను. పొద్దున్నే లేచి లెక్కపెట్టుకున్నాడు. ఏడవలేదు, ఏమైందని అడగలేదు, ఆ కాగితం చేత్తో పట్టుకుని నా వంక చూసి ఊరుకున్నాడు. 11 ఉండాల్సిన చోట 4 ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది బకెట్ పక్కలో పెట్టుకుని దాని పిడి పట్టుకుని పడుకున్నాడు, అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మీవారు పారేద్దాం అంటున్నారని మీరు రాస్తే వద్దు అని గట్టిగా చెప్తున్నా. అది వాడు చలిలో రెండు గంటలు తిరిగి తెచ్చుకున్నది, వాడి సొత్తు. ఎప్పుడు తినాలి ఎక్కడ కూర్చుని తినాలి అనేది మీ చేతిలో ఉండాలి, కానీ ఆ సొత్తు వాడిదే అని వాడికి నమ్మకం కలగాలి. ఇక్కడ ఎలిన్ సాటర్ అని పిల్లల తిండి మీద చాలా ఏళ్ళు పనిచేసిన డైటీషియన్ ఉన్నారు, ఆవిడ హాలోవీన్ క్యాండీ గురించి చెప్పే పద్ధతి ఇదే: ఆ రాత్రి పిల్లాడిని అంతా పరుచుకుని చూసుకోనివ్వండి, తినాలనుకున్నంత తిననివ్వండి, మర్నాడు కూడా అంతే, ఆ తర్వాత లోపల పెట్టేసి భోజనంతోనో సాయంత్రం టిఫిన్‌తోనో మాత్రమే ఇవ్వండి అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకూ గుండె గుభేలుమంది. మర్నాటి ఏడాది చేసి చూస్తే మావాడు తొమ్మిదో చాక్లెట్ దగ్గర సగం కొరికి పక్కన పెట్టేసి ఇంక వద్దు కడుపులో ఎలాగో ఉంది అన్నాడు, ఆ మాట నేను వందసార్లు చెప్పినా రాదు వాడి నోటి వెంట.

1999లో జెనిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే పరిశోధకులు చిన్న పిల్లల మీద చేసిన పని కూడా ఇదే చెప్తుంది. ఒక తినుబండారాన్ని కళ్ళెదురుగా పెట్టి తీసుకోకూడదు అంటే పిల్లల ధ్యాసంతా దాని చుట్టూనే తిరిగిందట, అదే తింటామని పేచీ మొదలైందట. దీన్నిబట్టి మీకు పనికొచ్చేది ఏంటంటే, క్యాండీ ఎదురుగా కౌంటర్ మీద గాజు సీసాలో పెట్టి ఊరించకూడదు, అలాగని ఎక్కడుందో తెలియకుండా దాచకూడదు. మూతున్న డబ్బా ఒకటి తీసుకోండి, వాడి పేరు వాడితోనే రాయించండి, పాపకి ఇంకో డబ్బా, ప్యాంట్రీలో ఫలానా అరలో ఉంటుంది అని ఇద్దరికీ చూపించండి.

ఇవాళ సాయంత్రం స్కూల్ నుంచి రాగానే వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ముందు మీ సంగతి చెప్పండి. "కన్నా, పోయినేడు నీ క్యాండీ అయిపోయిందని చెప్పాను కదా, అవలేదు, నేనే దాచాను, అలా చెప్పడం నా తప్పు" అని, అంతే, దానికి సాగదీయక్కర్లేదు. రేపర్ల గురించి ఎవరు తిన్నారు అని మళ్ళీ కోర్టు పెట్టకండి, మీకు తెలుసు, మీకు తెలుసని వాడికీ తెలుసు. "ఇంక మంచం కింద తినక్కర్లేదు, టేబుల్ దగ్గరే తినొచ్చు, రోజూ రెండు, ఏ రెండో నువ్వే తీసుకో" అని చెప్పండి. మొదటి వారం వాడు నమ్మడు, రోజూ డబ్బా తెరిచి లెక్క చూసుకుంటాడు, చూసుకోనివ్వండి. మీవారికి కూడా చెప్పండి, ఒకటి తినాలనిపిస్తే వాడిని అడిగి తీసుకోమనండి. ఇక్కడ చాలా ఇళ్ళల్లో డాడ్ టాక్స్ అని నాన్న వాటా తీసుకోవడం ఒక సరదా, అడిగి తీసుకుంటే అది సరదాయే, పిల్లలు కూడా ఎంతో ఉదారంగా తమకి నచ్చనివన్నీ ఏరి ఇస్తారు. అడక్కుండా ఆఫీసుకి పట్టుకెళ్తే మాత్రం వాడి దృష్టిలో అది ఇంకో మాట.

అత్తయ్యగారి విషయానికి వస్తే, అడుక్కోవడం అనే మాట మా అమ్మ కూడా అంది మొదటిసారి వచ్చినప్పుడు. అప్పుడు నేను దసరా పప్పు బెల్లాల సంగతి గుర్తు చేశాను. మన వైపు ఒకప్పుడు దసరాకి బడి పిల్లలు రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట పద్యాలు పాడుకుంటూ ఇంటింటికీ వెళ్ళేవాళ్ళు, అయ్యవారికి డబ్బులు, పిల్లలకి పప్పు బెల్లాలు పెట్టి పంపేవాళ్ళు. మీ అత్తయ్యగారు స్వయంగా వెళ్ళకపోయినా వాళ్ళ నాన్నగారి నోటో తాతగారి నోటో వినే ఉంటారు. మా అమ్మయితే ఆ మాట అనగానే అరగంటసేపు వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లో పుట్నాలు ఎక్కువ పెట్టేవాళ్ళో, ఎవరు మరీ పిసినారో పేర్లతో సహా చెప్పింది, పక్కన కూర్చుని విన్న మావాడికి హాలోవీన్ కంటే అదే నచ్చింది. అడిగి చూడండి.

దోశ తింటే చాక్లెట్ అనడం మాత్రం ఆపించాలండీ. ఆవిడ ప్రేమతోనే చేస్తున్నారు, మనందరం గోరుముద్దల దగ్గర ఏదో ఒకటి ఆశ చూపించే పెంచబడ్డాం, కానీ దానివల్ల పాపకి దోశ అంటే శిక్ష, చాక్లెట్ అంటే బహుమతి అని పడిపోతుంది, రేపు చాక్లెట్ అయిపోయాక ఉత్త దోశ ఎందుకు తింటుంది? దోశ పక్కనే ప్లేట్లో ఆ రోజు చాక్లెట్ కూడా పెట్టేయండి, ముందు అదే తిన్నా ఏం అనకండి, రెండు మూడు రోజులు ముందు చాక్లెట్ తింటుంది తర్వాత మామూలుగా చట్నీ కోసం గొడవ చేస్తుంది. అత్తయ్యగారితో ఈ మాట మీరు చెప్తే నా పెంపకాన్ని తప్పు పడుతోంది అనిపించొచ్చు, కాబట్టి మీవారితో చెప్పించండి, చెప్పేటప్పుడే డబ్బాల పెత్తనం ఆవిడకి అప్పగించండి. రోజూ సాయంత్రం డబ్బా తెచ్చి రెండేసి ఎంచుకోమనేది నానమ్మే. చాటుగా ఇచ్చే అవసరం ఉండదు, మనవలు ఆవిడ చుట్టూ తిరుగుతారు, అందరికన్నా కచ్చితంగా లెక్క చూసేది ఆవిడే అవుతారు చూడండి.

పాపకి మూడున్నరే కాబట్టి ఆమె డబ్బా మీరే ఒకసారి చూడాలి. నాలుగేళ్ళ లోపు పిల్లలకి గుండ్రంగా గట్టిగా ఉండే క్యాండీ, వేరుశనగ పలుకులు ఉన్నవి, జిగురుగా సాగే గమ్మీలు, బబుల్‌గమ్ గొంతుకి అడ్డం పడే ప్రమాదం నిజంగా ఉంది, అవి పక్కన పెట్టి అన్నకిచ్చి బదులుగా వాడి దగ్గర నోట్లో కరిగిపోయే మామూలు చాక్లెట్లు తీసుకోండి, ఇద్దరి ఎదురుగానే మార్చండి. కూర్చునే తినాలి, పరిగెడుతూ వద్దు.

మీరు శాకాహారులో కాదో రాయలేదు, అయితే గనక ఇంకో సంగతి, చాలామంది మనవాళ్ళకి తెలియక సంవత్సరాలుగా పెడుతున్నారు. ఇండియాలోలాగా ఇక్కడ ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉండదు. స్టార్‌బర్స్ట్‌లో, చాలా రకాల గమ్మీ బేర్లలో, మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. స్నికర్స్‌లో మిల్కీవేలో గుడ్డు తెల్లసొన ఉంటుంది. చిన్న ప్యాకెట్ల మీద ఒక్కోసారి ఇన్‌గ్రీడియెంట్స్ ఉండవు, పెద్ద బ్యాగ్ మీద ఉంటాయి, కాబట్టి ఫోన్లో చూసుకోవడమే. ఇది కూడా వాడిని పక్కన పెట్టుకుని చూడండి, ఏడేళ్ళ పిల్లాడు చదవగలడు, "జి తో మొదలయ్యే ఆ మాట వెతుకు" అంటే పరిశోధన చేసినట్టు చేస్తాడు. తీసేసిన ప్రతిదానికీ బదులు ఇవ్వండి. నట్స్ అలర్జీ ఉన్న పిల్లలున్న ఇళ్ళల్లో అయితే ఇది ఇంకా జాగ్రత్తగా చేయాలి, అలాంటి పిల్లల కోసమే కొన్ని ఇళ్ళ ముందు ఆకుపచ్చ కలిసిన నీలం రంగు గుమ్మడికాయ పెడతారు, ఇక్కడ టీల్ పంప్‌కిన్ అంటారు, అంటే మా దగ్గర తినేవి కాకుండా స్టిక్కర్లూ బొమ్మలూ కూడా ఉన్నాయని అర్థం. 2014 నుంచి దేశమంతా వ్యాపించిన పద్ధతి, వచ్చే ఏడాది మీరూ పెట్టొచ్చు.

షుగర్ భయం అర్థమైంది, మా ఇంట్లోనూ ఉంది ఆ జబ్బు. పది రోజులు క్యాండీ తిన్నంత మాత్రాన అది రాదు, కుటుంబంలో ఉంది కాబట్టి మీరు చూసుకోవాల్సింది ఏడాది పొడుగునా రోజూ ఏం తింటున్నారు, ఎంత ఆడుతున్నారు, బరువు ఎలా ఉంది అనేది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం రెండేళ్ళు దాటిన పిల్లలకి పైన కలిపిన చక్కెర రోజుకి 25 గ్రాముల లోపు ఉండాలి, అంటే ఆరు చెంచాలు. ఫన్ సైజ్ అనే చిన్న స్నికర్స్ ఒక్కటి సుమారు 8 గ్రాములు. రెండు తింటే 16, ఇంకా కాస్త జాగా మిగిలే ఉంది. ఆ జాగాని ఏం నింపుతోందో చూడండి: పొద్దున పాలల్లో వేసే పొడి, ఫ్లేవర్ యోగర్ట్ కప్పు, మధ్యాహ్నం చాక్లెట్ మిల్క్. 200 ఎం.ఎల్. యాపిల్ జ్యూస్‌లో కూడా 20 గ్రాముల చక్కెర ఉంటుంది, అది పండు చక్కెరే అనుకున్నా పంటికి ఆ తేడా తెలీదు. ఈ రెండు వారాలూ జ్యూస్ ఆపేసి మంచినీళ్ళు ఇవ్వండి, క్యాండీకి చోటు దొరుకుతుంది. ఇంకో మాట, 2024లో దీపావళీ హాలోవీనూ ఒకే రోజు పడ్డాయి కదా, ఆ వారం మా ఇంట్లో సున్నుండలకీ మైసూర్‌పాక్‌కీ ఎవరూ లెక్క పెట్టలేదు, చాక్లెట్లకి మాత్రం లెక్క పెట్టాం. పిల్లలు అది గమనిస్తారు. లెక్క ఉంటే రెంటికీ ఉండాలి.

మాట వినకపోవడం సంగతి. చక్కెర తింటే పిల్లలు ఎగురుతారు అనేది మనందరి నమ్మకం, కానీ 1995లో జామా అనే వైద్య పత్రికలో అప్పటిదాకా జరిగిన 23 పరీక్షలని కలిపి చూస్తే చక్కెరకీ పిల్లల ప్రవర్తనకీ సంబంధం కనబడలేదు. ఆ రాత్రి వాడు రెండు గంటలు తిరిగాడు, అన్నం సరిగ్గా తినలేదు, పదింటికి పడుకున్నాడు, మర్నాడు స్కూల్. ఎవరైనా చిరాకు పడతారు. నిద్ర చూసుకోండి.

పళ్ళ గురించి మాత్రం నేను గట్టిగానే ఉంటాను. ఎన్ని తిన్నారు అనేదానికంటే ఎన్నిసార్లు తిన్నారు అనేది పళ్ళకి ముఖ్యం, చక్కెర నోట్లో పడ్డ ప్రతిసారీ బ్యాక్టీరియా దాన్ని యాసిడ్ చేసి ఒక ఇరవై నిమిషాల పైనే పంటిని తింటాయి. రెండు ఒకేసారి భోజనంతో తినేస్తే ఒక్క దాడి, అవే గంటకొకటి నోట్లో చప్పరిస్తే దాడి మీద దాడి. అందుకే లాలీపాప్‌ల కంటే గబుక్కున కరిగిపోయే చాక్లెట్ మేలు, జిగురువి పళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి. పుల్లటి క్యాండీ తిన్నాక వెంటనే బ్రష్ చేయించకండి, నీళ్ళు పుక్కిలించి ఒక గంట ఆగాక చేయించండి, ఆ యాసిడ్‌కి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది. మంచం కింద తినడంలో అసలు నష్టం ఇదే, బ్రష్ చేశాక తిని అలాగే పడుకుంటారు.

ఎవరో విషం కలుపుతారు అనే భయం మీరు రాయలేదు కానీ అత్తయ్యగారికి ఉండొచ్చు, వాట్సాప్‌లో ప్రతి ఏడూ వస్తుంది. డెలవేర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన వార్తలన్నీ దశాబ్దాలుగా వెతికారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంచిన క్యాండీలో విషం వల్ల పిల్లలు చనిపోయిన కేసు ఆయనకి ఒక్కటీ దొరకలేదు. చిరిగిన రేపర్లు ఉంటే తీసేయండి, చాలు.

పది పన్నెండు రోజులకి వాడే డబ్బా అడగడం మర్చిపోతాడు, అప్పటికీ సగం ఉంటుంది. అప్పుడు వాడిని అడిగి పంపించేయొచ్చు. కొంతమంది డెంటిస్టులు నవంబర్ మొదట్లో పౌండ్‌కి ఇంత అని పిల్లల దగ్గర కొంటారు, మీ దగ్గర ఎవరైనా చేస్తున్నారేమో ఇప్పుడే ఫోన్ చేయండి, తర్వాత ఉండదు. కొన్ని సంస్థలు క్యాండీ సేకరించి సైనికులకి పంపిస్తాయి, దానికి పెట్టె సర్దుతూ పిల్లాడు ఒక ఉత్తరం కూడా రాయొచ్చు. స్విచ్ విచ్ అని రాత్రి మంత్రగత్తె వచ్చి క్యాండీ తీసుకుని బొమ్మ పెట్టి వెళ్తుందని చెప్పే పద్ధతి కూడా ఉంది, కొన్ని ఇళ్ళల్లో బాగానే నడుస్తుంది, కానీ ఒకసారి అబద్ధంతో దెబ్బతిన్న మీ ఇంట్లో నేను వద్దంటా. "ఇన్ని ఇస్తే ఆ లెగో కొనిస్తా, ఇష్టమేనా" అని ఎదురుగా బేరం పెట్టుకోండి, ఏడేళ్ళవాడికి బేరం చేయడం చాలా ఇష్టం.

వచ్చే ఏడాదికి ఇప్పుడే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో మిగిలే క్యాండీ అంతా పిల్లలు తెచ్చిందే కాదు, పంచడానికని మనం రెండు వారాల ముందే కాస్ట్‌కోలో కొని తెచ్చే 150 ముక్కల బ్యాగ్ కూడా ఉంటుంది. అది ఆ వారంలోనే కొనండి, మీ ఇంట్లో ఎవరికీ పెద్దగా ఇష్టం లేని రకం కొనండి, రాత్రి ఎనిమిది దాటాక వచ్చే పెద్ద పిల్లలకి గుప్పెళ్ళతో పోసేసి లైటు ఆపేయండి. పిల్లలని బయటికి పంపేముందు పప్పన్నం కడుపు నిండా పెట్టి పంపండి.

చిన్న రేపర్లవి, విరగనివి, ఒక గుప్పెడు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టండి. జనవరిలో పాపకి భోగిపళ్ళు పోస్తారు కదా, మీ దగ్గర రేగిపళ్ళు దొరికినా దొరక్కపోయినా చిల్లర పైసలతో పూలతో పాటు ఇవి కలపొచ్చు. అక్కడ కింద పడ్డవి ఏరుకునే హక్కు వచ్చిన పిల్లలందరిదీ, మీ బాబుకి ముందే చెప్పండి, వాడు ఏరుకున్నవి వాడి డబ్బాలోకి వెళ్తాయి అని.